కుడివైపు పైభాగాన

పరవాలేదమ్మా, ఈ మచ్చ పాతదే, పదేళ్ల కిందటి ఫిల్ములో కూడా ఉంది, అన్నాడు చిన్న డాక్టరు. పెద్ద డాక్టరు గారు ఒక గంటలో వస్తారు, ఆయన ఒకసారి చూసి సంతకం పెడితే ఇంటికి వెళ్లిపోవచ్చు, అంతవరకు బయట కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను. వారం రోజులుగా గుండెల మీద ఉన్న బరువు ఆ ఒక్క మాటతో దిగిపోవాలి కదా, దిగింది, కానీ ఎక్కడికీ పోలేదు, దిగి పక్క కుర్చీలోనే కూర్చుంది. ఈ కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించినవి, ఆ చివర ఎవరో కాలు ఊపుతుంటే ఈ చివర నా వెన్ను ఊగుతోంది. ఆయనకి ఒక చూపు విసిరాను, నా చూపు ఆయనకి ఆనలేదు, నాకూ ఆయన ముఖం సరిగా ఆనలేదు, కళ్లలో శుక్లాలు మరి. ఇంకో పక్కన చిన్నది. చిన్నది అంటే నా తోడికోడలు, మా మరిది భార్య. వయసులో నాకంటే ఏడాది పెద్దది, ఒంట్లో నాకు రెండింతలు, కానీ వరసలో చిన్నది కాబట్టి కాపురానికి వచ్చిన రోజునుంచి ఇంటిల్లిపాదికీ చిన్నదే, అరవై అయిదు దాటినా చిన్నదే. నన్ను అక్కా అంటుంది, నేను దాన్ని ఏమే అంటాను. ఎక్కడికి వెళ్లినా పక్కనున్న వాళ్ల ఊరూ పేరూ, వాళ్ల రోగం, వాళ్ల అల్లుడి ఉద్యోగం అన్నీ కనుక్కుంటే గానీ దానికి ఊపిరాడదు. ఈ రోజు ఒళ్లో సంచీ పెట్టుకుని, సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని, గోడ మీద వేలాడుతున్న ఊపిరితిత్తుల బొమ్మ వంకే చూస్తోంది. శుభవార్త విన్న మనిషిలా లేదు. నేనూ లేననుకుంటాను.

అసలు ఊపిరితిత్తుల కోసం వచ్చినదాన్ని కాదు నేను. కంటి ఆపరేషన్ చేయించుకుందామని వెళ్తే, ఈ వయసులో ముందు అన్నీ చూడాలమ్మా అని రక్తం తీశారు, గుండె చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. కన్ను బాగుచేయమంటే రొమ్ములో తవ్వకాలు మొదలుపెట్టారు. దగ్గు లేదు, ఆయాసం లేదు, మూడో అంతస్తు మెట్లు మధ్యలో ఒకసారి ఆగి ఎక్కేస్తాను, ఆ ఆగడం కూడా చిన్నది వెనకబడుతుందని. ఆ ఎక్స్‌రే మీద రాసిచ్చిన కాగితం నాకు కంఠతా వచ్చేసింది. కుడి ఊపిరితిత్తి పైభాగాన అస్పష్టమైన నీడ. పాత మచ్చ కావచ్చు. మరొకటి కాదని చెప్పలేము. పాత ఫిల్ములతో పోల్చి చూడవలెను. చదవగానే ముందు నవ్వొచ్చింది, నిజం చెప్తున్నాను, ఎందుకంటే అది నా భాష. ముప్పై ఏళ్లకు పైగా వాతావరణ కేంద్రంలో ఆ భాషతోనే అన్నం తిన్నాను. రాగల ఇరవై నాలుగు గంటల్లో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడే అవకాశం ఉంది. పడితే మేం చెప్పినట్టే, పడకపోతే అవకాశం అన్నాం గానీ పడుతుందని అన్నామా అని. మా వీధి చివర ఇస్త్రీ కొట్టాయన నేను కనిపిస్తే చాలు, ఏమ్మా, ఈ రోజు ఆరేసుకోవచ్చా, ఉన్నమాట చెప్పండి, రేడియో మాట కాదు అనేవాడు. ఎన్నిసార్లు కసిరానో ఆయన్ని, తెలిస్తే చెప్పనా, గాలి నా మాట వింటుందా అని. ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని నేనే అడుగుతున్నాను, ఉన్నమాట చెప్పండయ్యా అని. మరొకటి అంటే ఏమిటి, పేరు పెట్టి రాయడానికి మీ కలం అరిగిపోతుందా?

పేరు పెట్టకపోయినా ఆ రోజు ఛాతీ డాక్టరమ్మ బాగానే చెప్పింది, ఓపికగా, నా మోకాలి మీద చెయ్యి వేసి. ఈ వయసులో చాలామందికి ఇలాంటివి కనిపిస్తాయి, ఎప్పుడో తెలియకుండా వచ్చి మానిపోయిన జబ్బుల గుర్తులు, ఎక్కువ శాతం అవే. కానీ ఎక్స్‌రే అంటే నీడ, ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఎముక చివర కూడా మచ్చలా కనబడొచ్చు. పాత ఫిల్ము ఉంటే వెతికి తీసుకురండి, అప్పుడూ ఇదే మచ్చ ఇంతే ఉంటే ఇక దాని జోలికి పోము. లేకపోతే సీటీ స్కాన్. అందులోనూ తేలకపోతే మూడు నెలలాగి మళ్లీ తీయడమో, లేదా బయటినుంచి సూది పెట్టి చిన్న ముక్క తీసి చూడడమో. సూది అనగానే నా చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత ఆవిడ, పెద్దవాళ్లకి ఒక్కోసారి గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకుపోయే ప్రమాదం ఉంటుంది, అందుకే ఊరికే చేయం అని కూడా అంది, ఆ మాట మూసుకున్న చెవుల్లోకి కూడా దూరిపోయింది. వారం రోజులూ ఎవరితోనూ, ఆ గదిలో పక్కనే ఉండి అంతా విన్న చిన్నదానితో కూడా, ఏమీ అనలేదు. అనడానికి ఏముంది, తెలిసింది ఏమైనా ఉంటే కదా. కూతురు ఫోన్ చేస్తే కన్ను వాయిదా పడిందే అన్నాను, అంతే. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. బీరువాలో మడతలు విప్పి మళ్లీ మడతపెట్టాను. భయం వేసింది. ఇంకోలా చెప్పడం ఎందుకు, చచ్చేంత భయం వేసింది. చావంటే కాదు, ఏదో తెలియనిది లోపల కూర్చుని, నేను అన్నం తింటుంటే నాతోపాటు తింటోందేమో అన్న ఊహకి.

నిన్న చిన్నది అడిగింది, పాత ఫిల్ము ఉండాలి కదక్కా అని. ఉండాలి, నీ మొగుడూ నా మొగుడూ కలిసి ఎక్కడ పెట్టి పోయారో అన్నాను. ఈ రోజు పొద్దున నేను లేచేసరికి అది అటక దిగుతోంది. ఆ ఒళ్లు వేసుకుని, ఆ మోకాళ్లతో, స్టూలు మీద స్టూలు వేసుకుని. ఒంటినిండా దుమ్ము, చేతిలో గోధుమరంగు కవరు. కవరు మీద నా పేరు, మా ఆయన చేతిరాతలో, ఆ రాత మీది దుమ్ము కొంగుతో తుడిచాను. దొరికిందక్కా, నీదే, అంది. నీదే. ఆ మాట దాని నోట ఎన్నిసార్లు విన్నానని? లెక్కపెడితే ఒక చేతి వేళ్లు కూడా మడవక్కర్లేదు. నాది అనే మాటతోనే పుట్టింది అది. కొత్తకాపురంలో ఉమ్మడిగా ఉన్నప్పుడు నా దువ్వెన పట్టుకుని నాది అంది, కిటికీ పక్క మంచం నాది అంది, పెద్ద మూకుడు తన పుట్టింటినుంచి వచ్చిందంటూ నేను వంట మధ్యలో ఉండగా పొయ్యి మీదనుంచి దించేసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, మర్నాడు గరిటలన్నీ నావని తీసి నా గదిలో పెట్టుకున్నాను, సాయంత్రందాకా ఇల్లంతా చెంచాలతో వడ్డించుకుంది. ఆ గరిటల మీదే వంటలు వేరయ్యాయి, వంటల మీద వాటాలు వేరయ్యాయి. అన్నదమ్ములిద్దరూ రెండు వంటిళ్లలోనూ తిని రెండుచోట్లా బాగుందనేవాళ్లు. మా మరిది ముందు పోయాడు, తర్వాత మా ఆయన. ఒక్కదాన్నీ ఏం చేస్తాను, నువ్వొక్కదానివీ ఏం చేస్తావు అని అది మా ఫ్లాటుకి వచ్చేసింది, రెండు పెట్టెలతో, తన ఉప్పు డబ్బాతో. ఇప్పటికీ మా వంటింట్లో ఉప్పు డబ్బాలు రెండు. నా ఉప్పు అయిపోతే దాని డబ్బాలోది తీస్తే, చెప్పి తీసుకోవచ్చుగా అంటుంది. అలాంటిది, నీదే, అంది. నేను ఆనందంలో ఉండి పట్టించుకోలేదు. ఇప్పుడు ఈ కుర్చీలో ఊగుతుంటే గుచ్చుకుంటోంది.

ఎందుకంటే ఫిల్ములు రెండు. ఈ ముక్క పొద్దుటినుంచి నా బుర్రలో ఎక్కడుందో, చిన్న డాక్టరు ఆ ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి, కింద అంచు కోసేసి ఉందేమిటండీ, పేరూ తేదీ అక్కడేగా ఉంటాయి అన్నప్పుడు బయటికొచ్చింది. నేను నోరు తెరిచేలోపు చిన్నది అందుకుంది, అక్కదేనండీ, కవరు మీద పేరుంది చూడండి అని. ఆయన చూశాడు, సరే అన్నాడు, కుడివైపు పైభాగాన వేలు పెట్టాడు, ఇదిగో, అప్పుడూ ఉంది అన్నాడు. నేను తెరిచిన నోరు మూసేశాను. మూయడం చాలా సుఖంగా ఉంది, అదీ సంగతి. కానీ ఫిల్ములు రెండు. పదేళ్ల కిందట ఇంట్లో అందరికీ వరసగా జ్వరాలు వచ్చినప్పుడు, మగవాళ్లకి తగ్గిపోయినా మా ఇద్దరికీ దగ్గు పట్టుకుని వదల్లేదు. గోడకి ఇవతల నేను దగ్గితే అవతల అది దగ్గేది, పోటీకి దగ్గుతున్నావా అని కూడా అన్నాను. ఒకే రోజు ఇద్దర్నీ ఒకే చోటికి తీసుకెళ్లి ఎక్స్‌రేలు తీయించారు. సాయంత్రం వాటిని తీసుకురావడానికి మా మరిది వెళ్లాడు. వచ్చి చెప్పులు విప్పుతూ, ఇద్దరూ భేష్, మందులు ఒకటే అన్నాడు. అని, ఇంకో కాలి చెప్పు విప్పుతూ, ఒకరికి ఏదో పాత మచ్చ ఉందట, ఏమీ కాదట అన్నాడు. ఎవరికి అన్నాను. అడగలేదు వదినా అన్నాడు, అదేదో కూరగాయల ధర అడగడం మర్చిపోయినట్టు. నేను తిట్టాను, మా ఆయన నవ్వాడు, దగ్గు తగ్గింది, మచ్చ సంగతి అందరం మర్చిపోయాం. మనుషులం కదా, నొప్పి లేనిదాన్ని ఎంతకాలమని గుర్తుపెట్టుకుంటాం.

ఆ తర్వాత సూర్యగ్రహణం వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను, గ్రహణం వేళ ఉష్ణోగ్రత ఎంత పడుతుందో పదేపదే చూసి రాయాలి, మా కేంద్రంలో ఆ రోజు అందరికీ హడావుడే. ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను, ఎక్స్‌రే ఫిల్ములోంచి సూర్యుణ్ని చూడకండి, కళ్లు పోతాయి, సరైన అద్దాలు నేను తెస్తాను అని. ఇంటికొచ్చేసరికి మేడ మీద భవనం మొత్తం ఉంది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నల్ల ముక్క. అన్నదమ్ములిద్దరూ కత్తెర పట్టుకుని పెళ్లిపందిట్లో పెద్దల్లా పంచుతున్నారు. ఎవరి కళ్లూ పోలేదు, నా మాట మాత్రం పోయింది. ఏది కోశారు అంటే, చేతికి దొరికింది కోశాం అన్నాడు మా ఆయన. ముక్కలు చాలకపోతే రెండోదాని కింద అంచు కూడా కోశామన్నాడు, దాన్నేమీ పాడుచేయలేదు చూడు, ఛాతీ మొత్తం అలాగే ఉంది అని నాకే చూపించాడు. ఆ మిగిలినదాన్ని కవర్లో పెట్టాడు. ఆ రోజు కవరు కూడా ఒక్కటే మిగిలింది, ఇంకోదాన్లో పోసి ఎవరికో వేరుశెనగలు పంచారు. అంటే కవరు నాది. ఫిల్ము ఎవరిదో ఆ ఇద్దరికే తెలియాలి, వాళ్లని అడగడానికి ఇప్పుడు వీల్లేదు. సగానికి సగం. మా ఆఫీసులో సగానికి సగం అనే జోస్యాన్ని జోస్యమే కాదనేవాళ్లు, రూపాయి ఎగరేసి చెప్పేదానికి ఇంతమంది జీతగాళ్లెందుకని.

కిటికీలోంచి మేఘాలు కనిపిస్తున్నాయి, శుక్లాలున్నా మేఘాలు కనిపిస్తాయి, వాటికి అంచులు ఎప్పుడూ స్పష్టంగా ఉండవు కదా. పలచగా పరుచుకున్నవి, ఏమీ కురవవు, లేదా సాయంత్రానికి దట్టమై కురుస్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసరు ఒకాయన ఉండేవాడు, పెద్ద మీసాలు, చిన్న గొంతు. ఒకరోజు వానకి తడిసి నేను ఆలస్యంగా వెళ్లి, ఆ వేళకి చూడాల్సిన అంకె చూడలేకపోయాను. ముందూ వెనకా ఉన్న రెండు అంకెలకి మధ్యలో ఉండేదే కదా అని ఒకటి వేయబోతే ఆయన వెనకనుంచి చూసి, అక్కడ గీత పెట్టమ్మా అన్నాడు. చూడకపోతే గీత పెట్టాలి. నువ్వు వేసే అంకె నిజమే అయ్యుండొచ్చు, కానీ నువ్వు చూడలేదు, రేపు ఎవరో దాన్ని నమ్మి పడవ దింపుతారు అన్నాడు. ఆ తర్వాత ఎన్ని గీతలు పెట్టానో లెక్కలేదు. అదంతా గాలి గురించి, వాన గురించి, ఎవరివో పడవల గురించి. ఇది నా ఛాతీ. నా ఛాతీలో నేను గీత పెట్టుకోవాలా? ఇంటికి పోతాను, కన్ను చేయించుకుంటాను, చక్కగా చూస్తాను, కూతురి కొత్త ఇంటికి వెళ్లి గోడల రంగు బాగుందో లేదో మొహం మీద చెప్తాను. ఆ పాత మచ్చ నాదే అయితే ఇదంతా నిజం. నాది కాకపోతే, ఇదంతా అలాగే జరుగుతుంది, కొన్నాళ్లు. ఆ కొన్నాళ్లలో అది లోపల తన పని తాను చేసుకుపోతుంది. తొందరగా పట్టుకుంటే చిన్నగా ఉన్నప్పుడే తీసేయొచ్చు అని డాక్టరమ్మ అంది కదా, అదీ విన్నాను, సూది తర్వాత విన్నవి మూడే మాటలైతే అందులో అదొకటి. ఎవరో లోపలినుంచి పేరు పిలిచారు, నాది కాదు, ఒక పెద్దాయన కర్ర వెతుక్కుంటూ లేచాడు, ఆయన భార్య ముందే లేచి ఆయన కాగితాలు సర్దుతోంది. ఒక్కసారి మా ఆయన ఉంటే బాగుండు అనిపించింది, బాగా తిట్టి, ఏది కోశావయ్యా, చెప్పు అని నిలదీయడానికి.

చిన్నదాని వైపు చూశాను. అది నా వైపు చూడలేదు. ఒకవేళ ఆ ఫిల్ము దానిదైతే, మచ్చ దానిది, పదేళ్లుగా ఉన్న మచ్చ, దానికేమీ కాలేదు, దాని ఆకలీ నిద్రా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అంటే మా ఇద్దరిలో ఒకరికి ఈ రోజు మంచి కబురు ఖాయం. ఎవరికన్నదే తేలాలి. మూకుడు గురించి, కిటికీ గురించి ఇన్నేళ్లు కొట్టుకున్నాం, చివరికి మిగిలింది ఇదా అనుకుంటే నవ్వూ కాదు ఏడుపూ కాదు, ఏదో పొరబోయినట్టు అయ్యింది. అంతలో బూట్ల చప్పుడు, పెద్ద డాక్టరు, నెరిసిన జుట్టు, చేతిలో టీ కప్పు, గదిలోకి వెళ్లాడు. నేను లేచాను.

చిన్నది నా మణికట్టు పట్టుకుంది. "ఎక్కడికి?"

"లోపలికి."

"పిలవలేదుగా. పిలుస్తారు. సంతకం పెట్టేసి వాళ్లే ఇస్తారు."

"ఆ ఫిల్ము నాదో కాదో నాకు తెలీదే. చెప్పొస్తాను."

"నీదే అక్కా," అంది. గట్టిగా అంది, కర్ర దొరికిన పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. "నేను తీశాగా అటక మీదనుంచి. నాది ఆ గ్రహణం రోజే ముక్కలైపోయింది. నీదే ఇది. కూర్చో."

కూర్చోలేదు. నేను లోపలికి వెళ్తే వెనకే వచ్చింది, సంచీ గుండెకి అదుముకుని. పెద్ద డాక్టరుకి చెప్పాను, ఫిల్ములు రెండని, ఒకటి కోశారని, అంచు కూడా కోశారని, ఎందుకు కోశారో కూడా చెప్పాల్సి వచ్చింది, ఆయన టీ గుటక మింగలేక కప్పు కింద పెట్టాడు. చిన్నది మధ్యలో దూరి, కాదండీ, అక్కకి ఈ మధ్య మతిమరుపు, ఇది అక్కదే అంది. నాకు మతిమరుపు! ఈవిడ ఎవరు అన్నాడాయన. నా తోడికోడలు, రెండో ఫిల్ము ఈవిడది అన్నాను. ఆయన మా ఇద్దర్నీ ఒకసారి చూసి, పేరు లేకపోతే ఏమయ్యింది, ఎముకలున్నాయిగా అని పాత ఫిల్ముని వెనకనుంచి వెలుగొచ్చే పెట్టెకి తగిలించాడు. పక్కన కంప్యూటరులో నా కొత్త ఎక్స్‌రే. వేలితో పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు, అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి. నేను ఊపిరి పీల్చడం కూడా ఆయన లెక్కకి అడ్డమేమో అన్నట్టు నిలబడ్డాను.

"ఇటు చూడండమ్మా," అన్నాడు. "ఈ పాతదాంట్లో మెడ దగ్గర చిన్న ఎముక ఉంది, కనబడిందా? ఇది అందరికీ ఉండదు. పుట్టుకతో వస్తుంది, ఎక్కడికీ పోదు. మీ కొత్తదాంట్లో లేదు. మచ్చ కూడా దీంట్లో కాలర్ ఎముక చాటున ఉంది, మీది ఇంకా కింద. రెండూ కుడివైపు పైనే కాబట్టి మావాడు పొరబడ్డాడు. ఇది మీ ఛాతీ కాదు."

"సరిగ్గా చూడండి బాబూ," అంది చిన్నది. "అక్కదే. అక్కకి ఏమీ కాదు. ఇది తనదే, మీరు సరిగ్గా చూడండి."

ఆయన కోప్పడలేదు. "మీదైతే మీకు మంచిదేనమ్మా. పదేళ్ల కిందటి మచ్చ, మిమ్మల్ని చూస్తే దాని వల్ల బాధేమీ ఉన్నట్టు లేదు. ఒక ఎక్స్‌రే తీసి పోల్చి చూద్దాం, అంతే." తర్వాత నా వైపు తిరిగాడు. మరి నాది అన్నాను. "తెలీదు," అన్నాడు. ఇన్నాళ్లకి ఒక మనిషి ఆ మాట కాగితం చాటు లేకుండా అన్నాడు, ఆయన మీద గౌరవం కలిగింది. "పాతదే అయ్యుండే అవకాశం ఎక్కువ, కానీ ఎక్స్‌రే చూసి చెప్పలేను. ఇప్పుడే సీటీ తీయిస్తాను, మిషన్ ఖాళీగా ఉంది. సున్నం కట్టి గట్టిపడిన పాత మచ్చ అయితే అక్కడితో సరి. కాకపోతే ఎంత ఉందో, ఎలా ఉందో చూసి మాట్లాడుకుందాం. సూది దాకా వెళ్లాలో లేదో ఇప్పుడే ఆలోచించొద్దు. ఒకటి మాత్రం నిజం, మీరు చెప్పకపోతే నేను సంతకం పెట్టేసేవాణ్ని."

స్కాన్ గది బయట బెంచీ ఒంటరిది, ఊగదు. చిన్నది నా పక్కన కూర్చుని కాసేపు సంచీ పట్టీ మెలిపెట్టింది. నీకు తెలుసు కదే అన్నాను. తల ఊపింది. మచ్చ తనదని మా మరిది ఆ రాత్రే దానికి చెప్పాడట, అక్కతో అనకు, ఆవిడ లెక్కలు కట్టి నిద్రపోనివ్వదు అన్నాడట. మరి గ్రహణం రోజు? నీదే కోశారక్కా, మిగిలింది నాది. నాకు తెలుసు, నేను పక్కనే ఉన్నా, ఒక ముక్క నా చేతిలోనూ ఉంది. మరి ఈ పొద్దున ఎందుకు నీదే అన్నావు అంటే, మెలిపెడుతున్న పట్టీ వదిలేసింది. తర్వాత మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. "నువ్వు తోమిన గిన్నెలే తోముతుంటే చూడలేకపోయా. పాతదుంటే వదిలేస్తాం అందిగా ఆవిడ. నా మచ్చ పదేళ్లు ఊరికే పడుంది కదా, ఏమీ చెయ్యలేదు కదా నన్ను. అది నీదనుకుంటే నిన్నూ వదిలేస్తారు, వదిలేస్తే నీకూ ఏమీ కాదు అనుకున్నా. అంతే అక్కా. ఇంకేం ఆలోచించలా."

ఇంత తెలివితక్కువ పని చేసినవాళ్లని నేను నా సర్వీసులో చూడలేదు. పిల్లలకి జ్వరమొస్తే థర్మామీటర్ పక్కింటివాళ్ల నోట్లో పెట్టి చూసుకున్నట్టు. ఇది నన్ను చంపి ఉండేది, తెలుసా, మంచిగా, ప్రేమగా చంపి ఉండేది. చెంప పగలగొట్టాలనిపించింది. దాని భుజం మీద తల పెట్టుకుని పడుకోవాలనీ అనిపించింది. మూకుడు ఇవ్వనిది, ఉప్పు ఇవ్వనిది, తన ఒంట్లో పదేళ్లు మెత్తగా కూర్చున్న మచ్చని తెచ్చి తీసుకో అంటే, ఆ మనిషిని ఏమని తిడతాం? బుద్ధి లేదే నీకు అన్నాను. లేదు అని ఒప్పుకుంది, అది ఏదైనా ఒప్పుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. ముక్కు చీదుకుంది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, శుక్లాల వల్ల కాదు.

తలుపు తీసి నర్సు పిలిచింది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదమ్మా, గొలుసు తీసి ఎవరికైనా ఇచ్చి రండి అంది. మా అమ్మ ఇచ్చిన గొలుసు, స్నానానికి కూడా తీయను, ఒకసారి చిన్నది ముచ్చటపడి ఎవరి పెళ్లికో పెట్టుకుంటానంటే కూడా ఇవ్వలేదు. కొక్కెం నా వేళ్లకి చిక్కలేదు, చిన్నదే లేచి నా మెడ వెనక్కి వచ్చి విప్పింది. చేతిలో పట్టుకుంది, చూసింది, చేతిలో ఉంటే ఎక్కడ జారిపోతుందో అని గొణుక్కుంటూ తన మెడలో వేసుకుని కొక్కెం పెట్టుకుంది. దానికి బాగానే ఉంది. నర్సు తలుపు పట్టుకుని నిలబడింది. నేను లోపలికి అడుగు వేసి వెనక్కి తిరిగాను.

"తిరిగి ఇవ్వాలి సుమా," అన్నాను.

"ముందు నువ్వు బయటికి రా," అంది.